ఎండుచేపల దిబ్బ

జనవరి 8

మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయన పైడన్నకి వచ్చిన నాలుగు అక్షరాలూ ఒడియావి. అత్త కాసమ్మకి ఏ అక్షరాలూ రావు. పిల్లది ఒడియా బడికి పోతోంది. నా చిన్నప్పుడు మా మేనమామ నన్ను బరంపురం తీసుకుపోయి, గోసాని నువాగాంలో తన ఇంట్లో ఉంచుకుని తెలుగు బడిలో వేస్తే ఊళ్ళో అందరూ నవ్వారు, ఒడియా దేశంలో తెలుగు చదువు దేనికని. ఇదిగో, ఇందుకు. ఈ పుస్తకం బియ్యం డబ్బా మీద పెట్టినా ఎవరూ చదవలేరు. తాళం వేసిన పెట్టెకన్నా భద్రం.

రాసుకోవాల్సిన సంగతి ఉంది కనకే ఇవాళ కొన్నాను. మా ఊరికి హాలు మంజూరైంది.

చినరేవు సముద్రంలో కలిసిపోయాక అక్కడివాళ్ళు వచ్చి మా మిట్టపేట పక్క ఇసుకలో టార్పాలిన్లు కట్టుకున్నారు. రెండేళ్ళు కావస్తోంది. వాళ్ళకి చోటిచ్చిన ఊరు కనక ప్రభుత్వం మాకు ఒక పెద్ద హాలు, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్లు కట్టించి ఇస్తుందట. తుఫానొస్తే రెండు ఊళ్ళూ అందులో తలదాచుకోవాలి. పెళ్ళిళ్ళూ పేరంటాలూ అందులో చేసుకోవాలి. బ్లాకాఫీసు ఇంజనీరు మోహనకృష్ణ వచ్చి చెప్పాడు. బరంపురం తెలుగువాడు, మర్యాదస్తుడు. షరతు ఒక్కటే. పల్లీసభలో రెండు ఊళ్ళవాళ్ళూ కూర్చుని, ఒకే చోటు ఒప్పుకుని సంతకాలు చెయ్యాలి. మార్చి ఆఖరుకి పునాది పడకపోతే సొమ్ము పొలసర వైపు మళ్ళిపోతుంది.

వార్డు మెంబర్ని నేను. నా హయాంలో హాలు! మా అత్తకి చెబితే, "ఇల్లలకగానే పండగేటి" అంది. ఆవిడ నోట మెచ్చుకోలు రావాలంటే సముద్రం ఇంకిపోవాలి.

జనవరి 11

ఇంజనీరు చోటు చూసుకుని వెళ్ళాడు. మా దిబ్బ కావాలట.

జనవరి 12

నిన్న కోపంలో ఒక్క ముక్కే రాసి మూసేశాను. ఇవాళ నెమ్మదిగా రాస్తాను.

దిబ్బ మా ఊరికీ టార్పాలిన్లకీ నడుమ ఉంది. మా అత్త వాళ్ళ అత్త కాలం నుంచి మేం ఎండుచేపలు ఆరబెట్టుకునేది అక్కడే. పట్టా లేదు, నిజమే. ఈ ఒడ్డున ఎవరి దేనికి పట్టా ఉంది? తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయని నవంబరు నుంచి మే దాకా మోటారు బోట్లు బంద్. ఆ నెలల్లో ఊరికంతటికీ దిక్కు ఒడ్డు నుంచి లాగే పెద్దవల. మా ఇంటికి దిక్కు ఆ వలా, ఈ దిబ్బా. గాలి నాలుగు పక్కలా తగిలి నెత్తళ్ళు గలగలమంటూ ఎండుతాయి. దిబ్బ చేప అంటే దిగపహండి వ్యాపారి ముట్టుకుని చూడకుండానే తీసుకుంటాడు.

"అమ్మా, పోయిన తుఫానుకి నీళ్ళు ఎక్కనిది ఈ ఒక్క చోటే" అన్నాడు ఇంజనీరు. "రెండు ఊళ్ళకీ సమంగా ఉంది. రోడ్డు కూడా దగ్గర."

"గంగమ్మ గుడెనకాల బోల్డు సోటుంది గదండీ."

"అది పల్లమమ్మా. మట్టి పోసి ఎత్తు చేయడానికే డబ్బంతా అయిపోతే గోడలు దేంతో కట్టను?"

పల్లమట. తుఫానుకి అక్కడ మోకాలి దాకానే వచ్చాయి నీళ్ళు. మహా అయితే నడుం దాకా.

ఇందులో నాకు స్వార్థం ఏమీ లేదు. గుడి వెనకాలైతే హాలు అమ్మవారి నీడన ఉంటుందని నా ఉద్దేశం.

జనవరి 19

ఊరి పెద్ద దాలయ్య మామకి కూడా గుడి వెనకాలే నచ్చింది. ఆయన లెక్క వేరు. "సోటిచ్చింది మనం. హాలు మనది. ఆలకి కావాలంటే అడిగి వాడుకుంటారు" అన్నాడు. నేను సరే అన్నాను. అడిగి వాడుకోవడంలో తప్పేముంది?

చినరేవు పెద్ద మసేను ఒప్పుకోలేదు. మనిషి మెత్తగా మాట్లాడతాడు, మాట మాత్రం కదలదు.

"ఒకపాలి సముద్రం మా ఇల్లు మింగీసింది బావూ. తుపానులో పిల్లల్ని సంకనెట్టుకొని, మీ సందులన్నీ దాటుకొని, మళ్ళీ పల్లంలోకి దిగమంటే మా ఆడోలు దిగరు. నాను సంతకం ఎట్టినా దిగరు."

"అయితే హాలొద్దేటి?" అన్నాడు దాలయ్య మామ.

"కావాల. పేనాలు నిలబడీ సోట కావాల."

అని నా వైపు చూశాడు. దిబ్బ పేరు ఎత్తలేదు. ఎత్తితే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఎత్తకపోవడమే మండింది.

జనవరి 27

దాలయ్య మామ టీ తాగడానికి వచ్చాడు. మసేను చేత సంతకం ఎలా పెట్టించాలో తెలియట్లేదని వాపోయాడు. మాటవరసకు అన్నాను, వాళ్ళు తింటున్నది మన తాడు పట్టుకునే కదా, అది లేకపోతే తెలిసొస్తుందని. అంతే అన్నాను. ఆయన టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

జనవరి 29

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ ఒడ్డున పెద్దవలకి ఒకటే న్యాయం. వల సంచి ఇసుకకి తగిలేలోపు తాడు పట్టి లాగిన ప్రతి చేతికీ వాటా. దారిన పోయే బైరాగి పట్టినా వాటా, అత్తారింటికొచ్చిన అల్లుడు పట్టినా వాటా. చినరేవువాళ్ళు ఇన్నాళ్ళూ ఆ వాటాతోనే బతికారు.

ఇవాళ పడవ వల దింపుకుని ఒడ్డుకి రాగానే దాలయ్య మామ అడ్డంగా నిలబడ్డాడు. "సంతకాలెట్టీదాకా సినరేవోలు తాడు ముట్టకూడదు" అన్నాడు.

మసేను మనుషులు అప్పటికే తాడు మీద చేతులు వేసి ఉన్నారు. తీసేశారు. తిట్టినా బాగుండేది.

వల మా ఇంటిది. పైడన్న అడ్డం చెప్పొచ్చు. చెప్పలేదు. ఊరి పెద్ద మాట కాదంటే రేపు పడవెక్కడానికి మనిషి దొరకడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ముసిలోడికి ఈ బుద్ది ఎవులు సెప్పినారో" అన్నాడు.

నాకేం తెలుసు అన్నాను.

జనవరి 30

నేను తాడు ఆపమనలేదు. మాటవరసకు అన్నాను. మాటవరసకీ ఉత్తర్వుకీ తేడా తెలియని మనిషి ఊరికి పెద్ద ఎలా అయ్యాడో.

ఫిబ్రవరి 2

అత్త వలలో పడిన చేప తినడం మానేసింది. చింతపండు చారుతో తింటోంది, నా మొహం మీదే తింటోంది.

"తాడొద్దన్న వల నిండదే" అంటుంది. "మీ మామ తండ్రి కళింగపట్నం కాడ నుండి గోసితో ఒచ్చినాడు. నువ్వెవులు, నీదే ఊరని ఎవులూ అడగనేదు. వలింటి పెద్దాడు తాడు కొస తెచ్చి సేతికందించినాడు. అంతే, ఈ ఊరోడైపోనాడు. మనమేటి ఈ ఇసకలోంచి మొలిసినామేటి?"

ఆ కథ పెళ్ళయిన కొత్తలోనే విన్నాను. తనంతట తాను వచ్చి పట్టినవాడికి ఆ పూట వాటా. వలింటి మనిషి తన చేత్తో తాడు కొస అందిస్తే మాత్రం ఆ వలకి మనిషి, ఊరికి మనిషి, పంచాయతీలో కూర్చుని మాట్లాడే మనిషి. అలా అందించడం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

"దాలయ్య మామకి సెప్పు అత్తా, నాకు సెప్తావేటి" అన్నాను.

"నీకే సెప్పాలనిపించింది" అంది. ఏదో తెలిసినట్టు అంటుంది కానీ ఏమీ తెలీదు. తెలిసే వీలు లేదు.

ఫిబ్రవరి 6

దిబ్బ మీద చేపలు పరవడానికి, తిరగెయ్యడానికి, ఇంట్లో వంటకీ నాకు సాయం వచ్చేది పోలమ్మ. చినరేవు మనిషే. నన్ను అక్క వరసలో అప్పా అంటుంది. మొగుడు కేరళలో బోటు మీద ఉన్నాడు. ఫోను చేస్తాడు, డబ్బు పంపడు. తమ్ముడు తాడు పట్టి తెచ్చే వాటాతో ఇల్లు గడిచేది. నేను దాన్ని పనిలోంచి తియ్యలేదు. దాలయ్య మామ తియ్యమన్నా తియ్యలేదు. ఇది కూడా రాసుకోవాలి కదా.

మధ్యాహ్నం అన్నం పెడితే సగం తిని, సగం కొంగున కట్టుకుంటోంది. చూడనట్టు ఊరుకున్నాను. రేపటి నుంచి గరిటెడు ఎక్కువ వేస్తాను.

"మీ మసేను బాబు సంతకం ఎట్టీవొచ్చు గదే" అన్నాను.

"ఎడతాడేటప్పా? ఆడి కొడుకు పోనాడు గదా తుపానులో, పల్లంలో ఇల్లుండి. నీకు తెలవదేటి?"

తెలీదు. ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగనూ లేదు.

ఫిబ్రవరి 9

టార్పాలిన్ల వైపు నుంచి పొయ్యి పొగ కనిపించట్లేదు. గాలి అటు వీస్తోంది కాబోలు.

ఫిబ్రవరి 14

బోరింగు దగ్గర గొడవ. మా ఊరి ఆడవాళ్ళు చినరేవు బిందెల్ని పక్కకి నెట్టి తమవి పెట్టుకున్నారు. ఒక బిందె దొర్లింది. ఒకామె జుట్టు ఇంకొకామె చేతిలోకి పోయింది. నేను వెళ్ళేసరికి మగాళ్ళు కర్రలు తెచ్చారు. "ఆపండి, ఆపండి" అని నేను అరుస్తూనే ఉన్నాను, ఎక్కడి నుంచో రాయి వచ్చి పోలమ్మ కనుబొమ్మ మీద తగిలింది. రక్తం చూసి అందరూ ఆగారు. రాయి విసిరిందెవరని అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట మాయం.

దాన్ని ఇంటికి తెచ్చి పసుపు అద్ది కట్టు కట్టాను. అది నా చెయ్యి పట్టుకుంది.

"మీ ఊల్లో నువ్వొక్కదానివే మంచిదానివప్పా" అంది.

కట్టు సరిగ్గా కుదరలేదు. రెండోసారి కట్టాల్సొచ్చింది.

ఫిబ్రవరి 15

ఎవరైనా అనేవాళ్ళే. నేను కాకపోతే ఇంకెవరో అనేవాళ్ళు. దాలయ్య మామ మనసులో ముందే ఉండి ఉంటుంది. నా మాట ఒక వంక, అంతే.

ఫిబ్రవరి 21

పల్లీసభ జరిగింది. జరగలేదు అనాలి. మా వాళ్ళు ఒక పక్క, వాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. ఇంజనీరు కాగితం మధ్యలో పెట్టుకుని కలం మూత తీసి కూర్చున్నాడు. దాలయ్య మామ గుడి వెనకాల అన్నాడు. మసేను లేచి నిలబడి, అటూ ఇటూ తలూపి కూర్చున్నాడు. వాళ్ళలో మగాళ్ళ బుగ్గలు లోపలికి పోయాయి. ఎండకి అలా కనిపించారేమో.

"మీరు మెంబరు కదమ్మా, మీరేమంటారు?" అని ఇంజనీరు నన్ను అడిగాడు.

"ఊరి మాటే నా మాట" అన్నాను.

ఆయన కలం మూత పెట్టేశాడు. "హెలా, సరే. వచ్చే నెల ఇంకొక్కసారి వస్తాను. అప్పటికీ కుదరకపోతే నా చేతుల్లో ఏమీ లేదు. పొలసరవాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు" అన్నాడు.

మార్చి 3

మసేను ఇంకా లొంగలేదు. ఆకలికి కూడా ఇంత పొగరు ఉంటుందని నాకు తెలీదు.

మార్చి 11

చెయ్యి సరిగ్గా ఆడట్లేదు. అరచేతుల్లో తోలు లేచిపోయింది. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

పొద్దున్నే కవళ్ళ చేపల మంద ఒడ్డుకి దగ్గరగా వచ్చింది. నీళ్ళు నల్లగా మరిగినట్టు కనిపించాయి. ఈ ఏడాది ఇంత మంద రాలేదు. దాలయ్య మామ కేకలు పెడుతూ పరిగెత్తాడు. పడవ వెళ్ళి మంద చుట్టూ వల దింపి వచ్చింది. రెండు తాళ్ళకీ మనుషులు సర్దుకున్నారు. సర్దుకున్నాక తెలిసింది, చేతులు చాలవని. కుర్రాళ్ళంతా కేరళలో, చెన్నైలో ఉన్నారు. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు, బడి ఎగ్గొట్టిన పిల్లలు.

పైడన్న వల సంచి వెనకాల నీళ్ళలో ఉన్నాడు. సంచి చిరక్కుండా, బోర్లాపడకుండా ఈదుతూ చూసుకునే పని ఎప్పుడూ ఆయనదే.

సగం లాగారో లేదో నీరు ఉత్తరానికి లాగడం మొదలెట్టింది. చేపల బరువు ఒక పక్క, నీటి లాగుడు ఒక పక్క. తాడు రావడం మానేసి పోవడం మొదలెట్టింది. మనుషులు మడమలు ఇసుకలో పాతుకుని నిలబడ్డా ఈడ్చుకుపోతున్నారు. ముందున్నవాళ్ళు నడుం లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయారు. వదిలేద్దామంటే వల వాలిపోయి సంచి మీద పడుతుంది, సంచి దగ్గర పైడన్న ఉన్నాడు. ఆయన తల కనిపించింది, మునిగింది, మళ్ళీ కనిపించింది. చెయ్యి వలలో చిక్కుకున్నట్టుంది.

చినరేవు మగాళ్ళంతా మా దిబ్బ మీద నిలబడి చూస్తున్నారు. చేతులు కట్టుకుని. ముట్టొద్దన్నాం కదా.

నేను దిబ్బ ఎక్కాను. ఎలా ఎక్కానో తెలీదు.

"మసేను బాబూ, రా! మీ మనుసుల్ని తీసుకురా!"

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఎవులు పిలస్తన్నారమ్మా? ఊరా, నువ్వా?"

"ఊరే!" అన్నాను. ఊరు నాకేమీ చెప్పలేదు.

"ఊరైతే దాలయ్య పిలాల. ఒద్దన్న నోరే రమ్మనాల." రావాలనే ఉంది. వెనకాల కుర్రాళ్ళు అప్పటికే పంచెలు ఎగ్గడుతున్నారు. "నేకపోతే రేపు తాడు ముట్టిన దొంగలంటారు మమ్మల్ని."

దాలయ్య మామ తాడు మీద ఉన్నాడు. విన్నాడు. తల తిప్పలేదు. ఆ మనిషి సముద్రంలోకైనా పోతాడు గానీ పిలవడు.

దిబ్బ దిగి పరిగెత్తాను. ఆఖరి మనిషి వెనకాల తాడు కొస ఇసుకలో పడి ఉంది. ఆడవాళ్ళు తాడు ముట్టకూడదు. పుట్టి ఇన్నేళ్ళు వచ్చినా నేను ఒక్కసారి ముట్టలేదు. రెండు చేతులా ఎత్తాను. తడిసిన తాడు అంత బరువుంటుందని నాకెవరూ చెప్పలేదు. ఈడ్చుకుంటూ దిబ్బ మొదలు దాకా తెచ్చాను. ఎవరో అరిచారు, "ముట్టీసింది, ముట్టీసింది" అని. కొస మసేను ముందు చాచాను.

"మా వల బాబూ. పట్టు."

మసేను రెండు చేతులూ చాచి ప్రసాదం అందుకున్నట్టు అందుకున్నాడు.

ఆ తరవాత నేను చూసింది వీపులే. ఎన్నో వీపులు, వంగి, ఒక్కసారే వెనక్కి పడుతూ. హైలెస్సా అని ఎవరు ముందు అన్నారో, రెండు ఊళ్ళ గొంతులూ కలిసిపోయాయి. తాడు రావడం మొదలెట్టింది. మసేను మనుషులిద్దరు తాడు పట్టుకునే నీళ్ళలోకి పోయి పైడన్నని లాక్కొచ్చారు. ఉప్పునీళ్ళు కక్కుకుంటూ ఇసుకలో బోర్లా పడ్డాడు. ఒక చెయ్యి వాచిపోయింది. మనిషి ఉన్నాడు. ఉన్నాడు.

సంచి ఇసుకకి తగిలింది. అంత చేప నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు దాలయ్య మామ ఊపిరి తీసుకుని, మొహం తుడుచుకుని, "ఆడది అందించిన తాడు సెల్లదు. ఆలకి ఈ పూట కూలిచ్చీండి, వాటా నేదు" అన్నాడు.

మా అత్త కర్ర పొడుచుకుంటూ గుంపులోంచి వచ్చింది.

"వల ఎవుల పేరనుందిరా దాలయ్యా?"

"నీ పేరనే వదినా. అదేటి ఇప్పుడు?"

"గ్రూపు లోనుకి బేంకోడు నా ఏలిముద్దరే ఏసుకున్నాడు. ఆడదాని ఏలికి అప్పు సెల్లింది గాని ఆడదాని సేతికి తాడు సెల్లదేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. ఇసుకలో కూర్చుని తన చేతులతోనే చేపలు కుప్పలు పెట్టడం మొదలెట్టింది. ఒకటి మా ఊరికి, ఒకటి చినరేవుకి, ఒకే ఎత్తున.

మార్చి 12

పొద్దున్నుంచి చినరేవు ఆడవాళ్ళు వచ్చి పోతున్నారు. మసేను భార్య నా కాళ్ళకి దండం పెట్టబోయింది. వద్దన్నకొద్దీ వంగుతోంది.

నేను పిలిచింది పైడన్న కోసం. వాళ్ళ కోసం కాదు. ఈ మాట ఇంకెక్కడా చెప్పలేను, ఇక్కడైనా ఉండనీ.

టార్పాలిన్ల వైపు నుంచి పొగ వస్తోంది. గాలి నిన్న ఎటో ఇవాళా అటే.

మార్చి 18

రెండో పల్లీసభ.

ఈసారి చినరేవువాళ్ళు అటు పక్క కూర్చోలేదు. తాడు అందుకున్నవాళ్ళు కదా, మధ్యలోకి వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు వాళ్ళ మాటకి విలువుంది. వాళ్ళంతా కలిసి దిబ్బ అంటే దిబ్బే. అంత పని చేసి, నా చేతులతో నేనే దిబ్బ పోగొట్టుకున్నానని లోపల ఒకటే గోల. అవును, స్వార్థమే. గుడి నీడా లేదు, ఏమీ లేదు. నా చేపలు, నా దిబ్బ.

మసేను లేచాడు.

"మా సినరేవోలంతా ఒక మాట అనుకున్నాం. గుడెనకాలే రాసీండి బాబూ" అన్నాడు. "దిబ్బ ఆ తల్లికి బతుకు. మాకు తాడందించిన సేతిలోని ముద్ద మేం తియ్యం. నీల్లొస్తే ఒస్తాయి. పిల్లల్ని బుజాలకెత్తుకుంతాం."

ఇంజనీరు నమ్మలేనట్టు చూశాడు. దాలయ్య మామ మీసం కిందనుంచి నవ్వు దాచుకోలేకపోయాడు. నేను కోరుకున్నదే. జనవరి నుంచి కోరుకున్నదే, పళ్ళెంలో పెట్టి ఇచ్చారు.

ఎదురుగా పోలమ్మ కూర్చుంది. కనుబొమ్మ మీద కోత మానింది, అక్కడ వెంట్రుకలు రాలేదు. నన్ను చూసి నవ్వింది.

నేను లేచాను. దాలయ్య మామ పక్కనే ఉన్నాడు, నా చీర కుచ్చిళ్ళకి వినిపించేంత మెల్లగా అన్నాడు, "కూకో. తాడు మాట ఎవులదో సెప్పీమంటావేటి ఇక్కడ?"

కూర్చుందామనే అనుకున్నాను. పిల్లల్ని భుజాలకి ఎత్తుకుంటామన్నాడు మసేను. ఆయన కొడుకుని అలా ఎత్తుకునే ఉంటాడు.

"సెప్పు మామా" అన్నాను, మెల్లగా కాదు.

అందరూ ఆయన వైపు చూశారు. ఆడదాని మాట పట్టుకుని ఊరిని నడిపానని ఊరందరి ముందూ చెప్పుకోవాలి కదా పాపం. దగ్గి ఊరుకున్నాడు.

"దిబ్బ రాసుకోండి ఇంజనీరు బాబూ" అన్నాను. "గుడెనకాల నీల్లొస్తాయి. నడుం దాకా కాదు, పీకల దాకా ఒస్తాయి. నాకు తెలుసు."

చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నేను తల ఎత్తలేకపోయాను. సిగ్గనుకున్నారు. సిగ్గే.

మార్చి 20

పైడన్న నాతో మాట్లాడట్లేదు. "అడగకండా ఇచ్చీసినావేటే" అన్నాడు, అంతే. ఒడ్డున ప్లాస్టిక్ పట్టాలు పరిచి చేపలు పోశాం. గాలికి వాటినిండా ఇసుక పడింది. దిగపహండి వ్యాపారి మొదటిసారి నా చేపని వేళ్ళతో నలిపి చూశాడు. చూసి, సగం ధరకి అడిగాడు. ఇచ్చాను.

అత్త చేప తింటోంది. ముళ్ళు కూడా వదలట్లేదు.

మార్చి 22

పైడన్న వాచిన చేత్తోనే వెదుళ్ళు తెచ్చాడు. ఇంటి వెనకాల చేపలకి మంచె కడుతున్నాడు. ఇంకా మాట్లాడట్లేదు.

మార్చి 27

పునాది పడింది. తాడు అందించిన చెయ్యే మొదటి గమేళా సిమెంటు వెయ్యాలని మసేను పట్టుబట్టాడు. అరచేతుల మీద కొత్త తోలు ఇంకా పల్చగానే ఉంది, సిమెంటు మండింది. ఇంజనీరు ఫోటో తీశాడు. దాలయ్య మామ ఫోటోలో ముందు నిలబడ్డాడు.

అందరూ వెళ్ళాక పోలమ్మ ఉండిపోయింది. చెప్పాలనుకున్నాను. నిజంగానే నోటి దాకా వచ్చింది. అదే ముందు మాట్లాడింది.

"అప్పా, హాలు లెగిసినాక మాపటేల అక్కడ నాకు అచ్చరాలు నేర్పుతావేటి? మన బాస అచ్చరాలు."

"ఒడియా నేర్సుకోవే. బస్సు మీదవి సదవొచ్చు, ఆపీసులో పనికొస్తాది."

"అందుక్కాదు. నువ్వు బియ్యం డబ్బా కాడ కూకొని రాసుకుంతావు గదా. రాసినాక నీ మొకం తేలికవుద్ది. నాకూ బుర్రలో బోల్డున్నాయప్పా. రాసుకోవాల."

నా మొహం తేలికవుతుందట. ఎప్పుడు చూసిందో.

హాలు లేచేసరికి ఇంకో ఏడాది పట్టొచ్చు. ఆ మాటే చెబుదామనుకున్నాను. "గోడలు లెగిసీదాకా దేనికే. ఆదివారం నుండి రా" అన్నాను.

మార్చి 30

పోలమ్మ తెలివైనది. తెలుగు ఎలాగూ నోటికి వచ్చు, అక్షరాలే కావాలి. ఏడాది తిరక్కుండా ఈ పుస్తకం చదివేస్తుంది. ఎక్కడ ఉంటుందో దానికి తెలుసు. అన్నం వండేటప్పుడు ఆ డబ్బాలోంచి బియ్యం తీసేది అదే.

మధ్యాహ్నం చాలాసేపు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పొయ్యి పక్కనే ఉంది. జనవరి పేజీలు తీసి చదివాను. నా కలమే పట్టుకుని "మాటవరసకు" అన్న మాట ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా కొట్టేశాను. మిగతాది ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

పుస్తకం మళ్ళీ బియ్యం డబ్బా మీదే పెడుతున్నాను. సాయంత్రం పోలమ్మ వస్తుంది. ఆ లోపల బజారుకి పోయి దానికొక పలక కొనాలి.